ఒకే మనిషి, రెండు ఈసీజీలు: ఏ కాగితాన్ని నమ్మాలి?

ప్రశ్న: పర్లాకిమిడి టెక్నీషియన్

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఈసీజీలు తీస్తుంటాను. మధ్యాహ్నం నుంచి ల్యాబు పని కూడా నాదే. ఊళ్ళోవాళ్ళతో పాటు గుమ్మ కొండల నుంచి, కాశీనగర్ నుంచి, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి కూడా మా దగ్గరికి వస్తారు. ఒకే ఉదయం ఒడియా, తెలుగు, సవర మూడూ నా బల్ల దగ్గర వినిపిస్తాయి. మా డాక్టరు గారు జనరల్ ఫిజీషియన్. గుండె నిపుణుడి మాట కావాలంటే కాగితాన్ని ఫొటో తీసి విశాఖలో ఉన్న ఆయన సహపాఠికి వాట్సాప్‌లో పంపడమే.

విషయం ఇది. యాభై అయిదేళ్ళ మనిషి ఒకాయన ఉన్నారు. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు చెక్కే పనివాడు. హెర్నియా ఆపరేషన్ చేయించుకుందామని వేరే ఊళ్ళో ఒక ఆస్పత్రికి వెళ్ళారు. ఆపరేషన్‌కు ముందు అందరికీ తీసినట్టే ఆయనకూ ఈసీజీ తీశారు. కాగితం పైన కంప్యూటర్ ఒక వాక్యం అచ్చు వేసింది: గుండె మధ్య గోడకు పాత దెబ్బ తగిలి ఉండవచ్చు, అది ఎప్పటిదో చెప్పలేం అని. దాంతో మత్తు డాక్టరు ఆపరేషన్ ఆపేశారు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర రాసి పంపారు. ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరింది. భార్య ఆకురాళ్ళు, రంపాలు అన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేసింది. కొడుకు సైకిలు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆయనకేమో ఆయాసం లేదు, గుండెనొప్పి ఎన్నడూ ఎరగనంటారు. సుగరు మాత్రం చాలా ఏళ్ళుగా ఉంది. బీడీలు మానేశానంటారు, భార్య ఆ మాటకు నవ్వుతుంది.

మా దగ్గరికి మరో అభిప్రాయం కోసం వచ్చారు. నేను తీసిన కాగితం మీద కంప్యూటర్ అలాంటిదేమీ రాయలేదు. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి గడులు లెక్కపెట్టాను. లీడ్లు అంటే గుండె విద్యుత్తును ఒక్కో కోణం నుంచి చూపే గీతలు, మొత్తం పన్నెండు. చేతులు, కాళ్ళ లీడ్లు ఆరూ రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి. ఛాతీ లీడ్లు వి1 నుంచి వి6 వరకు, వాటిలో వి4, వి5, వి6 కూడా దాదాపు అంతే. కొట్టొచ్చినట్టు కనబడే తేడా వి1, వి2లో. వాళ్ళ కాగితంలో ఆ రెండింటిలో చిన్న ఆర్ (గుండె కొట్టినప్పుడు పైకి లేచే ముల్లు) లేదు, గీత నేరుగా కిందికి దిగిపోయింది. ఆ ముల్లు తరువాత వచ్చే గుబ్బ, అంటే టీ వేవ్ కూడా రెండింటిలో తలకిందులు. ముల్లుకు ముందు వచ్చే చిన్న గుబ్బ, అంటే పీ వేవ్ వి1లో పూర్తిగా కిందికి, వి2లో సగం పైకి సగం కిందికి ఉంది. నా కాగితంలో వి1లో ఒకటిన్నర చిన్న గడుల ఆర్, వి2లో మూడు గడుల ఆర్ ఉన్నాయి. వి2లో టీ నిటారుగా ఉంది.

అక్కడ వి1, వి2 బల్బులు (ఆ లీడ్ల కోసం ఛాతీకి అంటించేవి) పైన పెట్టి తీశారని నా అనుమానం. కానీ రెండు వేళ్ళ ఎత్తు తేడాకు గుండెపోటు పుట్టుకొస్తుందా? అలాగని నా కాగితమే సరైనదని నేను ఏ ధైర్యంతో చెప్పను? వాళ్ళది పెద్ద ఆస్పత్రి, కొత్త మెషీన్. మాది పన్నెండు పడకలది. రేపు మత్తు డాక్టరు ముందు రెండు కాగితాలూ పెడితే ఆయన దేన్ని నమ్ముతారో మీకు తెలియనిది కాదు.

ఇంకొక చిన్న సందేహం. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు గీత మందంగా, సన్నటి వణుకుతో వస్తోంది. ఫిల్టర్ మీట నొక్కితే పోతుంది. దాన్ని ఎప్పుడూ నొక్కే ఉంచితే నష్టమా?

జవాబు: రాయగడ ఫిజీషియన్

మీరు గడులు లెక్కపెట్టి రాసిన తీరు చూస్తే మీ అనుమానానికి బలం ఉంది. గుండె మధ్య గోడలో నిజంగా పాత మచ్చ ఉంటే అది ఒక ఆస్పత్రిలో కనబడి మరో ఆస్పత్రిలో మాయం కాదు. మీరు రాసిన మిగిలిన తొమ్మిది లీడ్లూ ఏకీభవించి ఈ రెండూ విడిపోయాయంటే ముందు ఆ రెండు బల్బులు ఎక్కడ ఉన్నాయో అడగాలి.

వి1లో ఒక్కదానిలోనే ఆర్ లేకపోవడం చాలామంది ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. దానికి జబ్బు పేరు పెట్టకూడదు. వి2, వి3 రెండింటిలోనూ ఆర్ లేకుండా గీత నేరుగా దిగిపోతే అప్పుడు పట్టించుకోవాలి. వాళ్ళ కాగితంలో వి3 ఎలా ఉందో మీరు రాయలేదు, చూసి చెప్పండి. బీడీల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. ఊపిరితిత్తులు ఉబ్బి గుండె కిందికి జారినవాళ్ళలో, ఎడమ జఠరిక గోడ మందమైనవాళ్ళలో, ఎడమ బండిల్ బ్లాకు (ఎడమ జఠరికకు విద్యుత్తు తీసుకెళ్ళే దారిలో అడ్డంకి) ఉన్నవాళ్ళలో కూడా వి1 నుంచి వి4 వరకు ఆర్ సరిగ్గా పెరగదు. కంప్యూటర్ వీటికి కూడా అదే వాక్యం అచ్చు వేయవచ్చు.

కంప్యూటర్‌ను నేను తిట్టను. గుండె వేగం, పీఆర్ (పీ వేవ్ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా పట్టే సమయం), క్యూఆర్ఎస్ (ఆర్ ఉన్న పెద్ద ముల్లు మొత్తం) వెడల్పు లాంటి కొలతల్లో అది మనకన్నా ఓపికమంతురాలు. దానికి తెలియనిది ఒకటే: బల్బు ఎవరు, ఎక్కడ పెట్టారో. వి1 అని తీగ మీద రాసి ఉంటే అది వి1 చోటే ఉందని నమ్ముతుంది.

అయితే సుగరు ఉన్న మనిషికి నొప్పి తెలియకుండానే గుండెపోటు వచ్చి వెళ్ళిపోవచ్చు. కాబట్టి మీ కాగితం బాగుంది కదా అని ఇక్కడితో వదిలేయకండి. మళ్ళీ ఒకసారి సరైన చోట పెట్టి ఈసీజీ తీయండి, ఒక ఎకో (గుండె స్కాన్) చేయించండి. మధ్య గోడ బాగా కదులుతూ ఉంటే పెద్ద మచ్చ ఏదీ లేదని మీ డాక్టరు గారు రాసి ఇవ్వగలరు. అప్పటిదాకా మాత్రలు ఆపమని మీరు గానీ, ఈ చర్చలో మేము గానీ చెప్పకూడదు.

జవాబు: బరంపురం సిస్టర్

బాబూ, నేను బరంపురంలో గుండె జబ్బుల వార్డులోనే ఉద్యోగమంతా చేసి దిగిపోయిన నర్సును. నీ ప్రశ్నలోనే నీ జవాబు ఉంది. పీ వేవ్ రాశావు చూడు, అదే సాక్షి. వి1లో పీ పూర్తిగా కిందికి, వి2లో సగం సగం ఉంటే బల్బులు పైన ఉన్నాయని మొట్టమొదట అనుమానించాలి. ఛాతీ పైభాగాన పెడితే, గోడ మీద నుంచి పెరట్లోకి తొంగి చూసినట్టు, గుండెలో పుట్టిన విద్యుత్తంతా మన నుంచి దూరంగా కిందికి పోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే పీ, క్యూఆర్ఎస్, టీ మూడూ కలిసి కిందికి తిరుగుతాయి, చూడడానికి ఏవీఆర్ (కుడి భుజం వైపు నుంచి చూసే లీడ్) పోలిక వస్తుంది. బల్బు ఒక్కో సందు (రెండు పక్కటెముకల నడుమ చోటు) పైకి జరిగేకొద్దీ ఆర్ ఎత్తు సుమారు ఒక చిన్న గడి తగ్గుతుంది. నీ కాగితంలో వి1లో ఉన్నది ఒకటిన్నర గడి. రెండు సందులు పైన పెడితే ఏం మిగులుతుందో నువ్వే చెప్పు.

సందులు లెక్కపెట్టడం ఎక్కడ తప్పుతుందంటే, అందరూ కాలర్ ఎముక కింద నుంచి మొదలుపెడతారు. అక్కడ చేతికి తగిలే మెత్తని పల్లాన్ని ఒకటో సందు అనుకోవాలో వద్దో ఎవరికీ తెలియదు. అలా చేయకు. గొంతు గుంటలో వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా కిందికి జార్చు. నాలుగైదు సెంటీమీటర్లు దిగేసరికి అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. బక్కవాళ్ళలో కంటికే కనబడుతుంది, ఒళ్ళు చేసినవాళ్ళలో వేలు గట్టిగా నొక్కితే దొరుకుతుంది. ఆ గట్టు నుంచి పక్కకు పోతే రెండో పక్కటెముక. దాని కింద ఉన్నది రెండో సందు. అక్కడి నుంచి వేళ్ళు ఎత్తకుండా మూడు, నాలుగు. నాలుగో సందులో ఎముకకు కుడి అంచున వి1, ఎడమ అంచున వి2. తరువాత వి3 పెట్టకు, ముందు వి4 చోటు చూడు: అయిదో సందులో, కాలర్ ఎముక నడిమి నుంచి దించిన గీత మీద. వి2కీ వి4కీ నడుమ వి3. ఇక వి5, వి6 సందుల వెంట పైకి ఎక్కకూడదు. వి4తో సమానమైన ఎత్తులోనే ఉండాలి, వి5 చంక ముందు మడత కింద, వి6 చంక నడిమి గీత మీద. చనుమొన ఎవరికీ కొలత కాదు. 1938లో అమెరికా, బ్రిటన్ గుండె వైద్యుల సంఘాలు కలిసి ఈ ఆరు చోట్లూ ఖాయం చేశాయి. ఆ తరువాత మెషీన్లు ఎన్నో మారాయి గానీ, ఈ చోట్లు మారలేదు.

ఇవన్నీ సరిగ్గా పెట్టి కూడా జెల్లీతో పాడుచేసేవాళ్ళను చూశాను. గొట్టం నొక్కి వి1 నుంచి వి6 దాకా ఒకే చార పూసేస్తారు, పని తొందరగా అవుతుందని. ఆ చార వెంట అన్ని బల్బులూ ఒకటైపోతాయి, వి లీడ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. ఒక్కో బల్బు కింద శనగగింజంత జెల్లీ చాలు. చెమట ఉంటే ముందు తుడిచి ఆరనివ్వు. జెల్లీ అయిపోతే కంగారు పడకు, సెలైన్‌లో తడిపిన దూది పెట్టినా గీత వస్తుంది. ఈసీజీకి 1924లో నోబెల్ అందుకున్న ఐంథోవెన్ మొదట్లో రోగుల చేతులూ కాలూ ఉప్పునీటి పాత్రల్లో పెట్టించే తీశాడు.

చేతుల తీగల సంగతి. మన దగ్గర మెషీన్లకు ఎక్కువగా ఎరుపు కుడిచేయి, పసుపు ఎడమచేయి, ఆకుపచ్చ ఎడమకాలు, నలుపు కుడికాలు. కానీ ఎవరో దానం చేసిన మెషీన్ వస్తే తీగ మీద అక్షరాలు చదివి పెట్టు. అమెరికా పద్ధతిలో తెలుపు కుడిచేయి, నలుపు ఎడమచేయి, ఎరుపు ఎడమకాలు, ఆకుపచ్చ కుడికాలు. రంగు అలవాటు కొద్దీ పెట్టావా, నాలుగూ గల్లంతే. చేతులు రెండూ తారుమారైతే లీడ్ 1 (రెండు చేతుల నడుమ తీసే గీత) మొత్తం తలకిందులై ఏవీఆర్ నిటారుగా వస్తుంది. అప్పుడు గుండె కుడివైపు ఉందేమోనని హడావిడి పడకుండా వి లీడ్లు చూడు. వి6 వైపు ఆర్ మామూలుగా పెరుగుతూ ఉంటే గుండె చోటులోనే ఉంది, మారినవి తీగలు. లీడ్ 2 ఒక్కటే చచ్చిన గీతలా వస్తే కుడిచేయి తీగ, కుడికాలి తీగ మారాయన్నమాట. అన్నిటికన్నా మోసకారి ఎడమచేయీ ఎడమకాలూ మారడం. కాగితం చక్కగా, మామూలుగానే కనిపిస్తుంది. లీడ్ 1లో పీ వేవ్ లీడ్ 2లో కన్నా పెద్దదిగా ఉంటే ఒకసారి లేచి వెళ్ళి తీగలు చూడాలి.

నీ వణుకు గురించి. ముందు అది కరెంటు వణుకో ఒంటి వణుకో తేల్చు. కరెంటుదైతే పళ్ళు సమానంగా, ఒక పెద్ద గడికి పది చొప్పున ఉంటాయి. ఒంటిదైతే హెచ్చుతగ్గులుగా ఉంటుంది. తరువాత ఏ లీడ్లలో ఉందో చూడు. లీడ్ 1, 2లో ఉండి 3 శుభ్రంగా ఉంటే తప్పు కుడిచేతి దగ్గర. 1, 3లో ఉంటే ఎడమచేయి. 2, 3లో ఉంటే ఎడమకాలు. ఆ క్లాంపు విప్పి, చర్మం స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పెట్టు. క్లాంపు లోపలి రేకు మీద ఎండిపోయిన జెల్లీ తెల్లటి పొరలా పేరుకుని ఉంటుంది, దాన్ని వేడినీళ్ళతో కడిగి ఎన్నాళ్ళయిందో మీ ఆస్పత్రిలో అడిగి చూడు. అన్ని లీడ్లలోనూ ఉంటే మెషీన్ ప్లగ్గు పీకి దాని బ్యాటరీ మీద తీయి. ఇనుప మంచం గోడకు ఆనుకుని ఉంటే ఇవతలికి లాగు, రోగి దిండు కింద చార్జింగులో ఉన్న ఫోను తీయించు.

ఫిల్టర్ ఎప్పుడూ నొక్కే ఉంచకూడదు. కండరాల వణుకు తీసే ఫిల్టర్ ఆర్ కొనలను కూడా చెక్కేస్తుంది, క్యూఆర్ఎస్‌లో ఉండే చిన్న నొక్కులను చెరిపేస్తుంది. గీత పైకీ కిందికీ ఊగకుండా ఆపే మరో ఫిల్టర్ ఎస్టీ భాగాన్నే (క్యూఆర్ఎస్‌కూ టీకీ నడుమ ఉండే గీతను) జరిపి చూపించవచ్చు. ఎస్టీ కోసమే కదా మనం సగం ఈసీజీలు తీసేది. కాగితం అడుగున 0.05 నుంచి 150 అని అచ్చు పడితే ఫిల్టర్ చేయని గీత అన్నమాట. వణుకు తట్టుకోలేక ఫిల్టర్ వేయవలసి వస్తే, వేయనిది ఒకటి, వేసినది ఒకటి రెండూ తీసి జతచేయి.

ఇక నీ పెద్ద ఆస్పత్రి గొడవ. మాటలతో గెలవలేవు. ఆయన్ని పిలిచి అదే మెషీన్ మీద, అదే పూట, నాలుగో సందులో ఒకటి, రెండో సందులో ఒకటి తీయి. వాళ్ళ కాగితం నీ మెషీన్‌లోంచే వస్తుందో రాదో చూడు.

పర్లాకిమిడి టెక్నీషియన్

సిస్టర్ గారికి, డాక్టరు గారికి వందనాలు. నిన్న ఆయన్ని పిలిపించి తీశాను. నాలుగో సందులో పెట్టి తీస్తే నా పాత కాగితమే మళ్ళీ వచ్చింది. బల్బులు రెండో సందుకు జరిపి తీస్తే ఆ ఆస్పత్రి కాగితం అచ్చంగా దిగింది: ఆర్ లేదు, టీ తలకిందులు, పీ కిందికి. మా మెషీన్ కూడా పైన అదే వాక్యం రాసింది. అది రాయగానే ఆయన మంచం మీద నుంచి తల ఎత్తి, చూశావా, ఇదీ అదే అంటోంది అన్నారు. బోధపరచడానికి కాస్త సమయం పట్టింది. రెండో కాగితం మీద ఎర్ర సిరాతో పై సందులో తీసినది, పరీక్ష కోసం మాత్రమే అని పెద్దక్షరాలతో రాశాను, ఎవరి ఫైల్లోనైనా చేరి కొత్త కథ మొదలవకుండా.

వాళ్ళ కాగితంలో వి3 అడిగారు కదా. అందులో చిన్న ఆర్ ఉంది, ఒక గడి కన్నా తక్కువ. నా దాంట్లో అయిదు గడులు. వి3 కూడా కొంత పైన పెట్టి ఉంటారు. మొన్న ఎకో కూడా అయింది. మధ్య గోడ బాగానే కదులుతోందని రాశారు. మా డాక్టరు గారు నాలుగు కాగితాల నకళ్ళూ ఎకో రిపోర్టూ జతచేసి మత్తు డాక్టరుకు ఉత్తరం రాశారు. జవాబు ఇంకా రాలేదు. మాత్రలు ప్రస్తుతానికి అలాగే వేసుకోమన్నారు, సుగరు కోసం కొలెస్టరాల్ మాత్ర ఎలాగూ కావాలని. భార్య మాత్రం తాళం తీయనంటోంది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాకే తీస్తుందట.

వణుకు సంగతి: లీడ్ 2, 3లో ఉంది. ఎడమకాలి క్లాంపు లోపల మీరు చెప్పిన తెల్ల పొరే.

జవాబు: బరంపురం డయాలసిస్ టెక్నీషియన్

చర్చను కాస్త పక్కకు తిప్పుతున్నాను. కంప్యూటర్ వాక్యాన్ని నమ్మి మోసపోయే చోటు మరొకటి ఉంది. మా రోగుల్లో చాలామంది సరిహద్దు అవతలి ఉద్దానం వాళ్ళు: కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు. 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచాక కొందరు అక్కడికి మారారు గానీ, బరంపురం దగ్గర కాబట్టి ఇప్పటికీ ఇటే వచ్చేవాళ్ళున్నారు. పర్లాకిమిడికీ తగులుతూనే ఉంటారు.

డయాలసిస్ ఒక వాయిదా తప్పిన మనిషి కాళ్ళు లాగుతున్నాయి, నీరసంగా ఉంది అని వస్తాడు. నీరసానికి ఇంట్లోవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగించి తీసుకొస్తారు. ఉద్దానంలో కొబ్బరికి కరువేముంది. కిడ్నీ పనిచేయని ఒంట్లో ఆ నీళ్ళలోని పొటాషియం బయటికి పోదు. ఈసీజీ తీస్తే టీ వేవ్ సన్నటి మొదలుతో, మొన తేలి, నిటారుగా లేచి ఉంటుంది. పొటాషియం ఇంకా పెరిగితే పీ వేవ్ అణగి మాయమవుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతూ పోతుంది. ఇలాంటి కాగితం మీద మెషీన్ గుండెపోటు అని రాయడం చూశాను. ఇంకో వింత కూడా చేస్తుంది: ఎత్తయిన టీలను కూడా గుండె చప్పుళ్ళుగా లెక్కగట్టి వేగాన్ని రెట్టింపు చూపిస్తుంది. మణికట్టు పట్టుకుంటే నాడి 70, కాగితం మీద 140. అందుకే ఈసీజీ తీసేటప్పుడు ఒక చేత్తో నాడి కూడా చూడమని మా కొత్తవాళ్ళకు చెబుతుంటాను. కిడ్నీ రోగి అని తెలిస్తే రక్త పరీక్ష ఫలితం కోసం కూర్చోకుండా కాగితం వెంటనే డాక్టరు చేతిలో పెట్టండి. కాల్షియం గ్లూకోనేట్ ఇవ్వాలా అన్నది వాళ్ళు అక్కడికక్కడే తేలుస్తారు. ఇంకొకటి, పొటాషియం బాగా ఎక్కువగా ఉన్నా ఈసీజీ మామూలుగానే ఉండే రోగులూ ఉన్నారు. కాగితం బాగుందని రక్త పరీక్ష మానకూడదు.

ప్రశ్న: గుణుపురం స్టాఫ్ నర్స్

సిస్టర్ గారూ, నాకు రెండు సందేహాలు. ఆడవాళ్ళకు వి4 ఎక్కడ పెట్టాలి? రొమ్ము మీదా, కిందా? మా దగ్గర ఒక్కొక్కరు ఒక్కోలా పెడతారు. సవర గూడేల నుంచి వచ్చే పెద్దవాళ్ళు కడియాలు తీయమంటే ఒప్పుకోరు, వాటితోనే తీయవచ్చా? రెండోది డాక్టరు గారికి. గుండెనొప్పి అని వచ్చిన మనిషికి మొదటి ఈసీజీ బాగుంటే ఇంటికి పంపేయవచ్చా?

జవాబు: బరంపురం సిస్టర్

రొమ్ము కిందే, అమ్మా. రొమ్మును మెల్లగా పైకి ఎత్తి, అది ఛాతీకి ఆనే మడత దగ్గర పెట్టు. ఎత్తేటప్పుడు నీ అరచేతి వెనుకవైపు వాడు, ఆమెకు ఇబ్బంది తగ్గుతుంది. ముందు ఆమెకు ఏం చేయబోతున్నావో ఆమె భాషలో చెప్పించు. తెర లాగకుండా, మగవాళ్ళను బయటికి పంపకుండా మొదలుపెడితే ఆ మనిషి బిగుసుకుపోతుంది, ఆ బిగువంతా కాగితం మీద వణుకుగా దిగుతుంది. తరువాత నువ్వు ఫిల్టర్ నొక్కుతావు. బట్ట పైనుంచి తడిమి అందాజుగా పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళతో నాకు మాటల్లేవు.

కడియాలు తీయించనక్కరలేదు. లోహం ఒంటి మీద ఉన్నంత మాత్రాన ఈసీజీ చెడదు. క్లాంపు రేకు కడియానికి తగలకుండా ఇంకాస్త పైన, ముంజేతి మీద పెట్టు. కాలు తీసేసినవాళ్ళకు మిగిలిన తొడ మీద పెట్టినట్టే. భుజాల మీదకూ పొట్ట మీదకూ మాత్రం తేవద్దు, గుండె అక్షం మారిపోతుంది. అలా పెట్టక తప్పకపోతే కాగితం మీద రాయి.

జవాబు: రాయగడ ఫిజీషియన్

పంపకూడదు. గుండెనొప్పితో వచ్చిన మనిషికి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలి. అది బాగున్నా నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకొకసారి, మొదటి గంటంతా మళ్ళీ మళ్ళీ తీయాలి. బల్బులు ఉన్న చోట పెన్నుతో గుర్తులు పెట్టుకోండి, లేకపోతే ఈ చర్చ మొదట్లో వచ్చిన గొడవే మీకూ వస్తుంది: మారింది గుండెనా, బల్బా అన్నది తేలదు.

ఎస్టీ ఎంత లేస్తే గుండెపోటు అనుకోవాలని అందరూ అడుగుతారు. పక్కపక్కన ఉన్న రెండు లీడ్లలో 1 మిల్లీమీటరు. వి2, వి3లో మాత్రం హద్దు వేరు: నలభై నిండిన మగవాళ్ళకు 2, నలభై లోపువాళ్ళకు 2.5, ఆడవాళ్ళకు 1.5. గుండె అడుగు భాగాన్ని చూపే లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లో లేస్తోందేమో అనిపిస్తే, వాటికి ఎదురువైపు చూపే ఏవీఎల్ చూడండి, చాలాసార్లు అక్కడ ఎస్టీ ముందే కిందికి దిగి ఉంటుంది. ఆ కాగితం చూడగానే వి4 బల్బును ఛాతీ కుడివైపు అదే చోటుకు మార్చి ఇంకొకటి తీయండి, కాగితం మీద కుడి వి4 అని రాయండి. అక్కడ కూడా ఎస్టీ లేస్తే కుడి జఠరికకు దెబ్బ తగిలిందన్నమాట. అలాంటి మనిషికి అలవాటుగా నాలుక కింద మాత్ర పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. వి1 నుంచి వి3 దాకా ఎస్టీ దిగి ఆర్ ఎత్తుగా ఉంటే, బల్బులు వీపు వైపు, భుజపు రెక్క ఎముక కొన కిందికి, వి6 ఎత్తులోనే జరిపి వి7, వి8, వి9 తీయండి. వెనుక గోడ గుండెపోటు ముందు నుంచి అలాగే కనిపిస్తుంది.

మన ప్రాంతాల్లో ఇంకో లెక్క ఉంది. స్టెంట్ వేసే చోటికి 120 నిమిషాల్లో చేర్చలేమని తెలిస్తే, నొప్పి మొదలై 12 గంటలు దాటకముందు, అడ్డంకులు లేని మనిషికి గడ్డ కరిగించే మందు ఇక్కడే ఇచ్చి ఆ తరువాత పంపాలి. రాయగడ నుంచి విశాఖ ఏ దారిలోనూ రెండు గంటల్లో రాదు, గుణుపురం నుంచి కూడా రాదు. ఫొటో పంపేటప్పుడు కాగితం బల్ల మీద పరిచి, నీడ పడకుండా, మొదట వచ్చే పెట్టె ఆకారపు గుర్తుతో సహా మొత్తం కనబడేలా తీయండి. ఆ గుర్తు పది చిన్న గడుల ఎత్తు లేకపోతే అవతల ఉన్నవాళ్ళు మిల్లీమీటర్లు లెక్కపెట్టలేరు. రోగి పేరు, తీసిన సమయం, నొప్పి ఎప్పుడు మొదలైందో పెన్నుతో రాయండి.

పర్లాకిమిడి టెక్నీషియన్

మత్తు డాక్టరు ఫోను చేశారు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు గానీ, మొదటి కాగితం అసలు ప్రతి కూడా తెమ్మన్నారు. అది ఇప్పుడు లేదు. పోతుందేమోనని కొడుకు జిరాక్సు దుకాణానికి తీసుకెళ్ళి లామినేషన్ చేయించాడు. వేడికి మొత్తం నల్లబడిపోయింది, పేరు కూడా కనబడడం లేదు. నా ఫోనులో ఫొటో ఉంది కాబట్టి అది పంపుతున్నాను. ఈసీజీ కాగితం ఎండకూ వేడికీ ఆగదని, రోగికి ఇచ్చేటప్పుడే ఒక జిరాక్సు తీసి జతచేయడం మంచిదని మా డాక్టరు గారితో ఇవాళే మాట్లాడాను. జిరాక్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు.